బెల్లు మోగే గది

లిఫ్టు తలుపులు మూసుకునేసరికి మధ్యాహ్నం మూడూ పది.

లోపల ఇద్దరు ఆడవాళ్లు, ఒక బియ్యం బస్తా, ఒక రేకు పెట్టె, వంటసామాను కుక్కిన ఒక స్టీలు బిందె. ఇందిరాదేవి చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుంది. రాములమ్మ తన చెప్పులు చేత్తో పట్టుకుంది. బయట సెల్లార్‌లో నీళ్లు అప్పటికే చీలమండలు దాటాయి.

“నేను మెట్లెంబడి ఒస్తుంటి టీచరమ్మా. సామాను మటుకు మీతోని పంపుదునే,” అంది రాములమ్మ.

“పైన ఆ బస్తా నన్ను దింపమంటావా? నా మోకాలి సంగతి నీకు తెలీదూ?”

“సెక్రటరీ సార్ చూస్తే?”

“చూడనీ. నేను చెప్తాలే.”

ఆండాలు నివాస్‌లో వాచ్‌మన్ కుటుంబం లిఫ్టు ఎక్కకూడదని ఎక్కడా రాసి లేదు. అయినా ఈ పదకొండేళ్లలో తుడవడానికి తప్ప రాములమ్మ అందులో కాలు పెట్టలేదు. ఇప్పుడు కూడా ఒక మూలకు ఒదిగి, తడి కాళ్లతో ఎక్కువ చోటు పాడు చేయకుండా నిలబడింది. ఎలాగూ రేపు తుడవాల్సింది తనే.

తలుపు మీద ఎర్రంకె ఒకటి చూపించింది. రెండు చూపించింది.

మూడు రాలేదు. లైటు ఆరిపోయింది. ఫ్యాను ఆగింది. లిఫ్టు చిన్న కుదుపుతో నిలిచింది.

ఇందిరాదేవి ఫోన్ టార్చి వేసింది. “మెయిన్ ఆపేసినట్టున్నారు. కంగారేం లేదు, బ్యాటరీ ఉందిగా. అదే ఏదో ఒక అంతస్తుకి చేరుస్తుంది.”

పైన ఎక్కడో క్లిక్కుమంది. లిఫ్టు కదిలింది.

ఇందిరాదేవి ఊపిరి పీల్చుకుంది. రాములమ్మ మాత్రం బోర్డు మీదికి వంగి కనబడిన బటనల్లా నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు, మళ్లీ ఒకటి. ఏదీ వెలగలేదు.

“ఏంటి, ఏం చేస్తున్నావ్?”

“టీచరమ్మా, బ్యాటరీ మీద ఇది ఏడికి పోతదో ఎరుకనా?”

“దగ్గరి అంతస్తుకి.”

“కాదు. సెల్లార్లకు పోతది.”

*

సరూర్‌నగర్ చెరువు కింద ఆ కాలనీ అంతా ఒకప్పుడు వరి పొలం. ఆండాలు నివాస్ నిలబడ్డ ఆరువందల గజాలు సెక్రటరీ జనార్ధన్ వాళ్ల తాతది. పొలం పోయి ప్లాటు అయింది, ప్లాటు మీద సెల్లార్, దాని పైన అయిదు అంతస్తులు, అంతస్తుకు మూడు ఫ్లాట్లు లేచాయి. బిల్డింగుకు జనార్ధన్ తన తల్లి పేరు పెట్టి, ఒకటో అంతస్తులో తను ఉంటున్నాడు. నీళ్లకు పాత దారి గుర్తుంటుందని అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. అయిదేళ్ల కింద చెరువు అలుగు పోసి సెల్లార్ నిండినప్పుడు పదకొండు బండ్లు, రెండు కార్లు మునిగాయి. అప్పుడు మాత్రం వాచ్‌మన్ అంతయ్య, రాములమ్మ ఊరికి పోయి ఉన్నారు.

ఈసారి అలా జరగకూడదని జూన్‌లో టెర్రస్ మీద మీటింగు పెట్టారు. కరెంటు బోర్డును సెల్లార్ నుంచి ఒకటో అంతస్తుకు మార్చారు. ర్యాంపు దగ్గర ఇసుక బస్తాలు పేర్చారు. ఏ ఇంట్లో ఏమేం సిద్ధంగా ఉండాలో రాసే పని ఇందిరాదేవికి అప్పజెప్పారు. తెనాలి నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దిల్‌సుఖ్‌నగర్ బడుల్లో లెక్కలు చెప్పిన మనిషి. అక్షరం ముత్యంలా ఉంటుంది. తాగే నీళ్లు, మందులు, టార్చి, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు, కార్లు ఎత్తురోడ్డు మీదికి చేర్చడం, అన్నీ ఆలోచించి రాసింది. హెచ్చరిక రాగానే ప్రతి ఫ్లాటు వాట్సాప్ గ్రూపులో తన నంబరు వేసి ‘సేఫ్’ అని పెట్టాలి. పదిహేనూ రాగానే జనార్ధన్ మెయిన్ ఆపేయాలి.

ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి లిఫ్టులోనే అంటించారు. ఇప్పుడు ఇందిరాదేవి చేతిలోని టార్చి వెలుగు దాని మీదే పడుతోంది.

ఇవాళ రెండున్నరకు చెరువు కట్ట మీది నుంచి జనార్ధన్‌కు ఫోను వచ్చింది. గ్రూపులో మెసేజ్ పడింది. నాలుగో అంతస్తులో ఇందిరాదేవి తను రాసిన కాగితం ప్రకారమే సంచి సర్దుకుంటూ, ఫ్లాట్ల నంబర్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. 101 నుంచి 503 దాకా పదిహేను నంబర్లు. సెల్లార్‌లో వాచ్‌మన్ గదికి నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి తను రాయలేదు. మీటింగులో ముప్పైమంది చదివారు, ఎవరూ అడగలేదు.

రాములమ్మకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మొగుడూపెళ్లాలకు ఉన్నది ఒకటే ఫోను, అది అంతయ్య జేబులో ఉంటుంది. అంతయ్య వానలో ర్యాంపు దగ్గర బస్తాలతో కుస్తీ పడుతున్నాడు.

“కిందికి వెళ్లొస్తా,” అని భర్తకు చెప్పింది. వెంకటేశ్వరరావు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వార్తలు చూస్తున్నాడు. “ఊఁ,” అన్నాడు.

*

లిఫ్టు నిదానంగా దిగింది. బ్యాటరీ మీద దానికి తొందర ఉండదు. రాములమ్మ రెండు చేతులతో తలుపును పట్టుకుని లాగబోయింది. కదిలే లిఫ్టు తలుపు తెరుచుకోదు.

“ఎవరు పెట్టారు సెల్లార్‌కి?” అంది ఇందిరాదేవి.

“పోయినేడు కరెంటు పోతే పిల్లలు మూడో అంతస్తుల ఇరుక్కున్నరు కదా. మా ఆయన మూడంతస్తులు ఉరికిండు. అప్పుడు సెక్రటరీ సారే మెకానిక్‌కు చెప్పిండు. కరెంటు పోతే లిఫ్టు సీదా సెల్లార్‌కే రావాలె, వాచ్‌మన్ ఆడనే ఉంటడు, తలుపు తీస్తడని.”

మంచి ఆలోచనే. వాన లేని రోజుల్లో.

కింది నుంచి నీళ్ల చప్పుడు దగ్గరైంది. పెద్ద శబ్దంతో లిఫ్టు అదిరి ఆగింది. బియ్యం బస్తా ఒరిగింది. ఇందిరాదేవి గోడకు కొట్టుకుంది.

“గుంతలకు నీళ్లొచ్చినయి,” అంది రాములమ్మ. “అడుగున స్విచ్చు ఉంటది. నీళ్లు తాకితే ఆగిపోతది.”

“ఎక్కడున్నాం ఇప్పుడు?”

రాములమ్మ లోపలి తలుపు సందులో వేళ్లు దూర్చి జానెడు పక్కకు జరిపింది. టార్చి వెలుగులో పైభాగాన సిమెంటు దూలం కనిపించింది. దాని కింద సెల్లార్ వైపు ఇనుప తలుపు, గట్టిగా మూసి ఉంది. లిఫ్టు నేల సెల్లార్ నేలకు రెండడుగుల పైన నిలిచిపోయింది. ఆ తలుపు అంచు నుంచి సన్నటి నీటిధార లోపలి గుంతలోకి కారుతోంది.

ఇందిరాదేవి ఫోన్ చూసింది. సిగ్నల్ గీతల చోట అడ్డగీత ఉంది. మూడు సార్లు భర్తకు చేసింది. మూడు సార్లూ ఫోన్ మూగబోయింది.

“బెల్లు,” అని తట్టింది ఆమెకు. పసుపుపచ్చ బటన్ అయిదు సెకన్లు వదలకుండా నొక్కింది.

ట్రిన్ మని మోగింది. చాలా దగ్గర్లో. గోడ అవతలే, కొంచెం కింద.

“మోగుతోంది,” అంది ఇందిరాదేవి. “వింటారు ఎవరో ఒకరు.”

రాములమ్మ ఆమె ముఖంలోకి చూసింది. “ఎవలు ఇంటరు టీచరమ్మా? గా బెల్లు మా అర్రల ఉంటది. నా మంచం మీద గోడకు.”

ఇందిరాదేవి బటన్ మీద నుంచి వేలు తీయలేదు. గోడ అవతల, నీళ్లు నిండుతున్న ఖాళీ గదిలో, బెల్లు శ్రద్ధగా మోగుతోంది.

*

మొదట నేల అంచున తడి కనిపించింది. తర్వాత నీళ్లు. మురుగు వాసనతో, పెట్రోలు తెట్టుతో, తలుపు సందులోంచి చప్పుడు లేకుండా పరుచుకున్నాయి. ఎవరిదో హవాయి చెప్పు సందులో ఇరుక్కుని ఊగుతోంది.

ఇద్దరూ అరిచారు. ఇందిరాదేవి జనార్ధన్‌ను పిలిచింది, భర్తను పిలిచింది, 302 వాళ్లను, 203 వాళ్లను పేరుపేరునా పిలిచింది. పైన వాన టెర్రస్ రేకుల మీద దంచుతోంది. కేకలు లిఫ్టు డబ్బాలోనే తిరిగి వాళ్ల చెవుల్లో పడ్డాయి.

నీళ్లు పిక్కల దాకా వచ్చాయి. రాములమ్మ రేకు పెట్టెను గోడకు చేర్చి, దాని మీద బియ్యం బస్తా ఎత్తింది. “ఎక్కుండ్రి.”

“నీ బియ్యం...”

“ఎట్లయినా నానినయి. జల్ది ఎక్కుండ్రి, మీ మోకాలుతోని మళ్ల ఎక్కలేరు.”

ఇందిరాదేవి బస్తా మీద కూర్చుంది. కూర్చున్నాక కూడా పసుపు బటన్ నొక్కుతూనే ఉంది. ట్రిన్. ట్రిన్. ఉన్నట్టుండి శబ్దం మారింది. గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలించినట్టు బుడబుడలాడి, ఆగిపోయింది.

మళ్లీ నొక్కింది. ఏమీ లేదు.

“ఆ బెల్లు ఎంత ఎత్తులో ఉంటుంది రాములమ్మా?”

రాములమ్మ తన ఛాతీ మీద చేయి పెట్టి చూపించింది.

లెక్కల టీచరుకు లెక్క చెప్పక్కర్లేదు. సెల్లార్‌లో నీళ్లు నాలుగడుగులు. లిఫ్టు నేల రెండడుగుల ఎత్తున ఉంది. లోపల రెండడుగులు నిండి ఉండాలి, కానీ మోకాలి కిందే ఉన్నాయి. అంటే బయట నీళ్లు పెరుగుతున్నంత వేగంగా లోపలికి రావడం లేదు. ఇనుప తలుపు ఆపుతోంది. ఆపినంతసేపు. సెల్లార్ కప్పు తొమ్మిదడుగులు. లిఫ్టు కప్పు దాదాపు దాని సమానం. రోడ్డు మీద నీళ్లు తగ్గకపోతే సెల్లార్ నిండా నిండుతుంది. ఇప్పుడు మూడున్నర. ఇరవై నిమిషాల్లో నాలుగడుగులు. మిగిలింది అయిదు.

ఆమె లెక్క అక్కడ ఆపేసింది.

రాములమ్మ ఇనుప తలుపు వైపు చూస్తోంది. దాని పైమూల లోపలి వైపు చిన్న కొక్కెం ఉంది. తుడిచేటప్పుడు చూసి ఉంటుంది. దాన్ని పక్కకు నెడితే సెల్లార్ తలుపు తెరుచుకుంటుంది.

“నీకు ఈత వచ్చా?” అంది ఇందిరాదేవి.

“మూసీ ఒడ్డున పుట్టిన. రాకుంట ఉంటదా?”

“అయితే ఆ కొక్కెం నెట్టి, తలుపు తీసుకుని వెళ్లు. నీళ్లలో కరెంటు ఉండదు, మెయిన్ ఆపేశారు. మెట్ల దాకా ఎంత, ఇరవై అడుగులు. వెళ్లి మనుషుల్ని తీసుకురా.”

“తలుపు తీసినంక మీరు?”

“నేను బస్తా మీదున్నాగా.”

“టీచరమ్మా, మీరు పిల్లలకు లెక్కలు చెప్పిండ్రు గని నీళ్ల లెక్క మీకు ఎరుక లేదు. గా తలుపు తీస్తే ఒక్కపారే మీ మెడల దాక ఒస్తయి. నేను మెట్లెక్కేలోపల మీరుండరు.”

“ఇద్దరం పోవడం కంటే...”

“గీ మాట జర బంద్ చెయ్యుండ్రి,” అంది రాములమ్మ. “ఆలోచించనియ్యుండ్రి.”

పదకొండేళ్లలో ఇందిరాదేవితో ఆమె ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు.

*

రాములమ్మ వంగి నీళ్లలో తేలుతున్న బిందెను పట్టుకుంది. గిన్నెలు, గరిటెలు బయటికి పారబోసింది. అడుగున అల్లం దంచే ఇనుప కడ్డీ దొరికింది. బిందెను లిఫ్టు గోడకు ఆనించి కడ్డీతో కొట్టింది.

మోత ఇందిరాదేవి పళ్ల దాకా తాకింది. కేక వెళ్లని చోటికి అది వెళ్లింది. గోడ పట్టుకుని, ఇనుప పట్టాలు పట్టుకుని, పైకి పాకింది.

అది నిజంగానే అయిదంతస్తులకూ వినిపించింది. తర్వాత తెలిసిన సంగతి అది. కరెంటు లేదు, ఫ్యాన్లు లేవు, టీవీలు లేవు. అందరూ విన్నారు. 303 వాళ్లు ‘ఏంటా చప్పుడు’ అని గ్రూపులో అడిగారు. ‘వాచ్‌మన్ మోటారు బిగిస్తున్నట్టున్నాడు’ అని 201 వాళ్లు పెట్టారు. దాని కింద నలుగురు బొటనవేలు గుర్తులు పెట్టారు.

రాములమ్మ ఊరికే కొట్టడం లేదు. మూడు దెబ్బలు కొట్టి ఆగింది. తర్వాత రెండు. మళ్లీ ఆగింది. మళ్లీ మూడు. ఆగి, రెండు.

“ఏంటి అలా కొడుతున్నావ్? ఆపకుండా కొట్టు.”

“ఆపకుంట కొడితే పనిచేసే చప్పుడు అనుకుంటరు.” మూడు కొట్టింది. ఆగింది. “మా ఊర్ల పైన గేట్లు లేపితే రాత్రికి రాత్రి మూసీ ఇండ్లల్లకు ఒచ్చేది. అందరం కప్పుల మీదికెక్కేది.” రెండు కొట్టింది. “ఇంటికొకలు తాంబాళం కొట్టాలె. మూడు కొడితే, ఈడ మనుషులున్నరని. ఆగినంక కొట్టేటియి, ఎంతమందున్నరో గన్ని. పుట్టి పడవ తోలేటోడు లెక్క ఇని, ఎవలింటికి ముందుగాల రావాలెనో చూసుకునేటోడు. గా తట్ట లెక్క ఉండే పుట్టిల ఎంతమంది పడతరు? గందుకే లెక్క.”

“ఇక్కడెవరికి తెలుసు అది?”

“ఒక్కనికి ఎరుకే.”

నీళ్లు రాములమ్మ నడుముకు వచ్చాయి. ఇందిరాదేవి కూర్చున్న బస్తాను తాకాయి. బిందె సొట్టలు పడుతోంది. సొట్టపడ్డ చోట మోత మొద్దుబారుతోంది. రాములమ్మ బిందె తిప్పి కొత్త వైపు కొట్టింది. కడ్డీ జారి ఆమె వేళ్ల మీద తగిలింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని, చేయి మార్చుకుంది.

“ఇలా ఇవ్వు,” అంది ఇందిరాదేవి.

“లెక్క తప్పొద్దు.”

“లెక్క నేను తప్పుతానా?”

మూడు. ఆగి, రెండు. ఇందిరాదేవి కొట్టింది. టార్చి వెలుగు లామినేషన్ కాగితం మీద ఊగుతోంది. తన ముత్యాల అక్షరాలు. మొదటి వాక్యం, అందరూ సేఫ్ అని తెలియగానే మెయిన్ ఆపేయాలి. నాలుగో వాక్యం, వరద సమయంలో లిఫ్టు వాడరాదు. లిఫ్టులో ఎవరైనా ఉన్నారేమో చూడాలన్న వాక్యం ఏదీ లేదు.

“రాములమ్మా. ఈ కాగితంలో మీ గది రాయలేదు నేను.”

“ఎరుకే. రోజు తుడుస్త కదా దాన్ని.”

“నీకు చదవడం వచ్చా?”

“నంబర్లు ఒస్తయి.”

ఇందిరాదేవి కొట్టడం ఆపలేదు. మూడు. ఆగి, రెండు.

పైన ఎక్కడో టక్ మంది. ఒక్క దెబ్బ.

ఇద్దరూ బిగుసుకుపోయారు. ఇందిరాదేవి మళ్లీ కొట్టింది. మూడు, రెండు. పైన మళ్లీ టక్ మంది. ఆ వెంటనే ఒకటో అంతస్తు తలుపు సందు దగ్గర నోరు పెట్టి ఎవరో అరిచారు.

“ఎవలే? నువ్వేనానే?”

రాములమ్మ తల పైకెత్తి అరిచింది. “నేనే. నేనూ, టీచరమ్మ.”

“నాలుగో అంతస్తు టీచరమ్మనా? ఆమె సేఫ్ అని పెట్టిండ్రంటగదే ఫోన్ల.”

“ఫోన్ల ఉన్నదో ఏడున్నదో, నా పక్కపొంటి ఉన్నది. నీళ్లు బొడ్డు దాటినయి. చక్రం తిప్పు పో.”

మెట్ల మీద పరుగు వినిపించింది.

*

లిఫ్టు మోటారు టెర్రస్ మీది చిన్న గదిలో ఉంటుంది. కరెంటు లేనప్పుడు ఒకరు బ్రేకు మీట నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు చేత్తో చక్రం తిప్పాలి. అంతయ్య ఇంతకుముందు చేశాడు. ఆ గది తాళం జనార్ధన్ ఇంట్లో ఉంటుంది. అయిదంతస్తుల మెట్లు. అంతయ్యకు యాభై ఎనిమిదేళ్లు. జనార్ధన్‌కు ఒంట్లో షుగరుంది, బొజ్జ ఉంది. ఇవన్నీ ఇందిరాదేవి ఒక్కొక్కటే లెక్కవేసింది. లెక్క వేయకుండా ఉండలేకపోయింది.

నీళ్లు రాములమ్మ ఛాతీకి వచ్చాయి. ఆమె పొట్టి మనిషి.

“నువ్వూ ఎక్కు.”

“పెట్టె ఆగదు టీచరమ్మా.”

ఆమె మాట పూర్తి కాకముందే నీళ్ల కింద రేకు పెట్టె మూత లోపలికి వంగింది. ఇందిరాదేవి పక్కకు ఒరిగి జారింది. నోట్లోకి నీళ్లు వచ్చాయి. కాలు నేలను వెతుక్కుంది. రాములమ్మ చేయి ఆమె జబ్బ కింద దూరి పైకి లాగింది. ఫోను నీళ్లలో పడి, అడుగున ఒక నిమిషం పచ్చగా వెలిగి, ఆరిపోయింది.

చీకటి.

“నన్ను పట్టుకోండ్రి. మెడ పట్టొద్దు, మునిగిపోతం. భుజం పట్టుకోండ్రి. ఆఁ, గట్ల.”

ఇద్దరి ఊపిరి తప్ప ఏమీ వినిపించడం లేదు. నీళ్లు ఇందిరాదేవి భుజానికి, రాములమ్మ గడ్డానికి చేరాయి. రాములమ్మ మునివేళ్ల మీద లేచింది.

అప్పుడు లిఫ్టు కిందికి పోయింది.

జానెడే. నీళ్లు ఒక్కసారి ముఖాల మీదికి ఎగిశాయి. రాములమ్మ తల పూర్తిగా మునిగింది. ఇందిరాదేవి ఆమె జుట్టు పట్టుకుని పైకి లాగింది. పైన, బ్రేకు వదిలినప్పుడు చక్రం ఒకసారి అంతయ్య చేతుల్లోంచి జారింది. ఆ సంగతి ఈ ఇద్దరికీ తెలియదు.

లిఫ్టు ఆగింది. చాలాసేపు అలాగే ఉంది. కాదు, పది సెకన్లే ఉండి ఉంటుంది.

తర్వాత కాళ్ల కింద నేల వేలెడంత లేచింది. ఆగింది. మళ్లీ వేలెడు.

“తిప్పుతుండు,” అంది రాములమ్మ దగ్గుతూ. “చక్రం ఒక్క చుట్టుకు గంతనే.”

లిఫ్టు పైకి వచ్చినకొద్దీ లోపలి నీళ్లు తలుపు సందులోంచి బయటికి దూకడం మొదలుపెట్టాయి. మెడ నుంచి భుజానికి. భుజం నుంచి ఛాతీకి. సెల్లార్ ఇనుప తలుపు రాములమ్మ చేతికి తగులుతూ కిందికి పోయింది. తర్వాత సందులో సిమెంటు దూలం వచ్చింది. దాని పైన సన్నగా తెల్లటి గీత కనిపించింది.

పగటి వెలుతురు. బయట ఇంకా నాలుగు కూడా కాలేదు.

*

ఒకటో అంతస్తు తలుపును బయటి నుంచి తీసింది వెంకటేశ్వరరావు. అంతయ్య ఇచ్చిన మూడుమూలల తాళంచెవి ఆయన చేతిలో ఉంది. మిగిలిన నీళ్లన్నీ ఆయన కాళ్ల మీద నుంచి వరండాలోకి పారాయి. వాటితోపాటు నానిన బియ్యం.

ఇందిరాదేవి నడిచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. వెంకటేశ్వరరావు పక్కన నిలబడ్డాడు.

“నేనే సేఫ్ అని పెట్టాను ఇందిరా,” అన్నాడు. “పూజగదిలో ఉన్నావనుకున్నా.”

“తలుపు తీసి చూడొచ్చుగా.”

ఆయన తన చొక్కా విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. బనీనుతో అలాగే నిలబడ్డాడు.

పై నుంచి అంతయ్య దిగి వచ్చాడు. అరచేతుల తోలు లేచి ఎర్రగా ఉంది. రాములమ్మను పైనుంచి కిందికి చూశాడు.

“పైకి పొయ్యినవనుకున్న,” అన్నాడు. “బస్తాలు కొట్టుకపోతుంటే ఇంతసేపు గోడ పట్టుకొని ఉన్ననే. లోపలికి ఒచ్చుడుతోనే ఇనబడ్డది. ముందుగాల రెండే దెబ్బలు ఇన్న. ఒకదానివి నువ్వయితే, మన బిడ్డ హాస్టల్‌ల ఉండె కదా, ఇంకొకలు ఎవలా అని.”

“లెక్క తప్పుతదా? టీచరమ్మ కొట్టింది,” అంది రాములమ్మ.

జనార్ధన్ చివరగా దిగాడు. మెట్టు మెట్టుకూ ఆగి రొప్పుతున్నాడు. ఇందిరాదేవి వైపు చూశాడు, రాములమ్మ వైపు చూశాడు.

“బెల్లు కొట్టలేదా?” అన్నాడు చివరికి.

“కొట్టినం సార్,” అంది రాములమ్మ, కొంగు పిండుకుంటూ. “మస్తుగ మోగింది. ఇంట్ల ఎవలు లేరు.” కొంగు దులిపింది. “ఈపారి జర మీ ఇంట్ల పెట్టించుండ్రి.”

*

బెల్లు ఇప్పుడు 101లో జనార్ధన్ వాళ్ల హాల్లో ఉంది. స్కూలుకు పోయే పిల్లలు రోజూ పొద్దున్నే ఒకసారి నొక్కుతారు. జనార్ధన్ రోజూ పొద్దున్నే లేచి వచ్చి తిడతాడు. కరెంటు పోతే లిఫ్టు ఇప్పుడు ఒకటో అంతస్తులో ఆగుతుంది. వాచ్‌మన్‌కు టెర్రస్ మీద గది కట్టాలని మీటింగులో అందరూ ఒప్పుకున్నారు. అది ఇంకా ఒప్పుకోవడం దగ్గరే ఉంది. సెల్లార్ గదికి సున్నం వేయించారు. గోడ మీద నీళ్లు నిలిచిన గీత సున్నంలోంచి కూడా కనిపిస్తుంది.

కొత్త కాగితం కూడా ఇందిరాదేవే రాసింది. రాసేముందు రాములమ్మను కూర్చోబెట్టుకుని అడిగింది. ఇప్పుడు గ్రూపులో ఎవరూ ‘సేఫ్’ అని పెట్టడానికి లేదు. ఇంట్లో కళ్లకు కనిపించిన మనుషులు ఎంతమందో ఆ అంకె పెట్టాలి.

సెప్టెంబరు చివర్లో మళ్లీ ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. తుర్కయంజాల్ వైపు నుంచి మొదలైన వాన ఎల్బీనగర్ దాటి వచ్చేసరికి చినుకు గోలీకాయంత అయింది. కట్ట మీది నుంచి ఫోను వచ్చింది.

వెంకటేశ్వరరావు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి లేచాడు. పూజగది తలుపు తీశాడు. ఎవరూ లేరు. వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇందిరాదేవి టీ వడపోస్తోంది. సొట్టలు పడ్డ స్టీలు బిందె పక్కన పెట్టుకుని రాములమ్మ నేల మీద కూర్చుని ఉంది. బాల్కనీలో అంతయ్య చెరువు వైపు చూస్తున్నాడు.

ఆయన ఒక్కొక్కరినీ వేలుతో చూపించి లెక్కపెట్టాడు. తన ఛాతీ మీద వేలు పెట్టుకుని తననూ లెక్కపెట్టాడు.

“తప్పలేదుగా?” అన్నాడు భార్యతో.

“మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి,” అంది ఇందిరాదేవి.

ఆయన మళ్లీ లెక్కపెట్టి, ఫోన్‌లో కొట్టాడు. 402, నలుగురం.